పెరుగు వద్దన్న మనవడు

సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికా నుంచి నరసరావుపేట దగ్గరున్న మా ఊరొచ్చాడు. మొదటి పూట భోజనానికి కూర్చుని ముద్దపప్పు, గోంగూర పచ్చడి, దోసకాయ కూర, చారు అన్నీ అడిగి వేయించుకున్నాడు. నాటుకోడి పులుసు మాత్రం వద్దన్నాడు. ఏదో మొక్కుండి ఉంటుందిలే అని ఎవరూ పట్టించుకోలేదు. ఆఖర్న మా అమ్మ పెరుగు గిన్నె తెచ్చేసరికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మమ్మా."

"ఏంరా, జలుబు చేసిందా?"

"లేదు. పాలూ పెరుగూ నెయ్యీ మానేశా. రెండేళ్లయింది."

అమ్మ గిన్నె కింద పెట్టి వాడి నుదుటి మీద చెయ్యేసి చూసింది. ఒళ్లు చల్లగానే ఉంది. "మాలేసుకున్నావా?" అంది. మాలలో ఉన్నవాళ్లు పెరుగన్నం శుభ్రంగా తింటారని వెంటనే తనకే గుర్తొచ్చినట్టుంది, నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పరా వాడికి" అంది.

ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. మాంసం మాననివాడికి మానమని చెప్పేవాళ్లు మన దగ్గర బోలెడుమంది ఉన్నారు. పాలు మానేసినవాడికి మానొద్దని చెప్పాలంటే ఏ శాస్త్రం తియ్యాలి?

దీన్ని వీగన్ అంటారు. మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, వెన్న, నెయ్యి, చివరికి తేనె కూడా ముట్టకూడదు. ఈ మాట పుట్టింది 1944 నవంబరులో, ఇంగ్లండులో. డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం మాస్టారు, మరికొందరు అక్కడి శాకాహార సంఘంలో సభ్యులు. పాలు కూడా వదిలేసిన మా గురించి మీ పత్రికలో కొంచెం చోటివ్వండి అని అడిగితే సంఘం ఒప్పుకోలేదు. దాంతో వేరు కుంపటి పెట్టుకున్నారు. అంటే ఈ ఉద్యమం మాంసం తినేవాళ్ల మీద అలిగి పుట్టింది కాదు, పాలు తాగే శాకాహారుల మీద అలిగి పుట్టింది. తెలుగులో దీనికి మాట లేదు. మనకు శాకాహారి అంటే రెండు పూటలా గడ్డపెరుగు తినేవాడే. ఆ శాకాహారులు కూడా ఎంతమంది? 2014 నాటి జనన మరణాల నమూనా సర్వేలో మాంసాహారం తింటామన్నవాళ్లు తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ 98 శాతం పైమాటే. అలాంటి నేల మీద నిలబడి వీడు మజ్జిగ కూడా వద్దంటున్నాడు.

వాడున్న పది రోజులూ ఏం పెట్టాలని అమ్మ మొదటి రాత్రి నిద్రపోలేదు. తెల్లారి వంటింట్లో డబ్బాలు సర్దుతూ ఓ సంగతి కనిపెట్టింది. కందిపొడి, నువ్వులపొడి, పండుమిరప పచ్చడి, చింతకాయ తొక్కు, ఆవకాయ, పులిహోర, గారెలు, ఉలవచారు, అలసందల కూర, పచ్చిపులుసు, వీటిలో వేటికీ పాలతో పనిలేదు. చారు పోపులో నెయ్యి బదులు నూనె వేస్తే సరి. అరిసెల పాకంలో నెయ్యి మానేసి నువ్వుల నూనె పోసింది. "ఇంకేం మిగిలిందిరా మానెయ్యడానికి? కాఫీ, పెరుగు. అంతేగా" అంది. వాడు నవ్వాడు. అమెరికాలో తోటి వీగన్లు దుకాణంలో డబ్బాలు డబ్బాలుగా కొనుక్కునే తిండి మా అమ్మ వంటింట్లో ఏడాది పొడుగునా జాడీల్లో ఉంది.

ఇంకో తరం వెనక్కి పోతే పళ్లెం ఇంకా అటువైపే ఉంటుంది. మా పల్నాడంటే జొన్న. ఎర్ర నేలలు, నల్ల నేలలు, వర్షాధారం. చేలో జొన్న, కంది, సజ్జ, నువ్వు. శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటువుల్లో ఈ సీమ జొన్నకూటి మీద ఆయన విసుగు ఇప్పటికీ వినిపిస్తుంది. సన్నబియ్యం తిని పెరిగిన కవి పాపం ఎలా వేగాడో. మా నాయనమ్మ కాలానికి అన్నం పండగనాటి తిండి, జొన్నసంకటి రోజూ తినేది. మాచర్ల అవతల కృష్ణకు అడ్డంగా నాగార్జునసాగర్ కట్టడానికి 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీళ్లు పారినంత మేరా జొన్న చేలు వరి మళ్లయ్యాయి, మిగతావి మిరప, పత్తి అయ్యాయి. జొన్నన్నం తిన్నామని చెప్పుకోడానికి మా నాన్న తరం సిగ్గుపడింది. ఇప్పుడదే జొన్నరొట్టెను నరసరావుపేటలో సాయంత్రం రోడ్డు పక్క పెనం మీద కాలుస్తుంటే షుగరున్నవాళ్లు వరస కట్టి నిలబడుతున్నారు.

అలాగని పాతకాలం పల్నాడు వీగన్ అని గొప్పలు పోతే అబద్ధమవుతుంది. ఆ పళ్లెంలో పాలు లేకపోవడం లేమి, సిద్ధాంతం కాదు. ఉన్న పాలు అమ్ముడుపోయేవి. ఇప్పటికీ అంతే. పాడి ఉన్నవాళ్ల ఇంట్లో పాలెక్కడ తాగుతారు?

పక్కింటి పిన్ని దగ్గర మూడు గేదెలున్నాయి. ఒకటి చూడి, ఒకటి ఒట్టిపోయింది, పాలిచ్చేది ఒకటే. తెల్లారుజామున నాలుగింటికి లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పత్తిగింజల చెక్క నానబెట్టి, దూడను వదిలి, గేదె చేపాక పితికి, ఆరు కొట్టేలోపు పాలకేంద్రానికి పరుగెత్తుతుంది. అక్కడ ఓ చెంచాడు పాలు మిషన్లో పెట్టి వెన్న శాతం చూస్తారు. ధర దాన్నిబట్టే. వెన్న ఒక్క పాయింటు తగ్గినా పిన్ని మొహం ఆ రోజంతా మాడిపోయి ఉంటుంది.

మేనల్లుడు ఆమెతో మాట్లాడాలన్నాడు. తీసుకెళ్లాను. వాడు మొహమాటపడుతూనే అడిగాడు, దూడ నోటి ముందు పాలు లాక్కోవడం తప్పు కాదా అని.

"నేను అట్టాంటిదాన్ని కాదయ్యా. రెండు చన్నులు దానికి, రెండు నాకు" అంది పిన్ని. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. "పెయ్యదూడకైతే అట్టా వదుల్తాం. దున్నదూడకి ఎవరొదుల్తారు చెప్పు? దాన్ని పెంచి ఏం చెయ్యాలి?"

అసలు ముడి ఇక్కడుంది. నాగలీ బండీ ఉన్న రోజుల్లో మగదూడకూ పనుండేది. ట్రాక్టరొచ్చాక ఒంగోలు గిత్తలు తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు మిగిలాయి. దున్నపోతుకు ఆ పరువూ దక్కలేదు. పాలు కావాలంటే గేదె ఏడాదిన్నరకోసారన్నా ఈనాలి. ఈనిన ప్రతిసారీ సగానికి సగం మగదూడలే. అవి పాలు చాలక పాకలోనే చస్తాయి, లేకపోతే బేరగాడి వెంట పోతాయి. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టి చేపించడం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. గేదె దాన్ని నాకుతూనే పాలిచ్చింది. సూది మందేసి చేపించేవాళ్లూ ఉన్నారు. పాల కోసం అలాంటి సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. ఒట్టిపోయిన గేదె ఎక్కడికి పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ప్రపంచానికి గేదె మాంసం ఎగుమతి చేసే దేశాల్లో మనది ముందు వరస. ఆ మాంసం ఆకాశం నుంచి ఊడిపడదు, మన పాలచెంబు వెనకాలే నడిచొస్తుంది. పాలు తాగుతూ, మాంసం తినేవాడి వైపు చిన్నచూపు చూసే శాకాహారికి ఈ లెక్క చెప్పడం కష్టం. చెప్పాల్సింది మాత్రం అతనికే.

పిన్ని లెక్క ఇంకోటుంది. "ఈ గేదెల మీదే పిల్లను బీటెక్ చదివించా. మిరప్పంట మూడేళ్లు ముంచింది. గేదె ఒక్కరోజు ముంచలేదు. మీరందరూ పాలు మానేస్తే నేనేం అమ్మాలి?" దీనికి మావాడి దగ్గర జవాబు లేదు. వీగన్ పుస్తకాల్లోనూ పల్నాటి ఆడమనిషికి పదిరోజులకోసారి చేతికందే పాలడబ్బుకు బదులేమిటో ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు.

అహింస మాట ఈ నేలకు కొత్తది కాదు. మాచర్ల పక్కనే నాగార్జునకొండ. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురి. రాజకుటుంబపు స్త్రీలు కట్టించిన స్తూపాలు, విహారాలు ఆ లోయ నిండా ఉండేవి. ఇప్పుడా లోయ సాగర్ నీళ్ల కింద ఉంది. అక్కడి భిక్షువులు మాంసం ముట్టనివాళ్లని మనం అనుకుంటాం గానీ వినయ నియమాలు అంత సూటిగా ఉండవు. తన కోసం చంపినట్టు చూడకుండా, వినకుండా, అనుమానించకుండా ఉంటే భిక్షలో పడ్డ మాంసం తినొచ్చు. కూడదని గట్టిగా చెప్పినవి తర్వాతి మహాయాన గ్రంథాలు. ఆ వాదాల్లో పాల మీద దోషం దాదాపు రాలేదు. బుద్ధుడు జ్ఞానోదయానికి ముందు అందుకున్నదే సుజాత పాయసం. జైనులు దుంపలు కూడా వదిలారు గానీ పాలు వదల్లేదు. మన అహింస కత్తి దగ్గర ఆగి ఆలోచించింది. పాలచెంబు దగ్గర ఆగలేదు. బహుశా అప్పటి పశువుకు ముసలితనం దాకా చేలో పనుండేది కనుక ఆగాల్సిన అవసరం రాలేదేమో.

పల్నాటి యుద్ధాన్నే తీసుకోండి. నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య నెత్తురు ముందు చిందింది కోడిది. కోడిపోరులో ఓడి మాచర్లవాళ్లు వనవాసానికి పోయారు, పశువుల మందలతో సహా. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. అయిదింట్లో రెండు పేర్లు జంతువులవే. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. ఒకే చాప మీద అన్ని కులాలవాళ్లూ కూర్చుని తినాలని పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు పెట్టిన పంక్తి అది. మాల కన్నమదాసును సేనాపతిని చేసిన చేత్తోనే ఈ కూడూ పెట్టాడు.

చాపకూడు ఊరికే గుర్తు రాలేదు. మన దేశంలో ఫలానాది తినను అంటే అవతలివాడి చెవికి, నీకంటే నేను శుభ్రం అని వినిపిస్తుంది. శతాబ్దాలుగా అలాగే వాడారు గనుక అలాగే వినిపిస్తుంది. అద్దెకు ఇల్లివ్వకపోవడానికీ, హాస్టల్లో బల్లలు వేరు చెయ్యడానికీ అదే సాకు. వీగన్ మాట ఈ మడి బట్ట కట్టుకుని ఊళ్లోకొస్తే తరిమేస్తారు. తరమాలి కూడా. మా వాడిలో నాకు నచ్చింది ఇదే. నాటుకోడి తింటున్న వాళ్ల బాబాయి పక్కనే కూర్చుని, ఆయన విస్తట్లోకి గోంగూర వడ్డిస్తూ, తనది తాను తిన్నాడు. కనుమనాడు కోడిపందేల బరి వైపు రమ్మంటే మాత్రం రానన్నాడు. నేను వెళ్లాను. దాచడమెందుకు.

ఇక ఆరోగ్యం. తెలుగువాళ్లం తిండి విషయంలో ఏడాదికో గురువును పట్టుకుంటాం. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే మానమంటే మానాం. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ మాట విని అన్నం మానేసి వెన్నా కొబ్బరినూనే తాగాం. ఖాదర్‌వలి కొర్రలూ అరికెలూ తినమంటే, పాలు వద్దంటే, సరేనన్నాం. మూడు నెలలకు మళ్లీ పెళ్లి భోజనంలో కలుసుకున్నాం. వీగన్ తిండి కూడా ఈ జాతరలో ఇంకో ప్రభ అయితే దాని గురించి రాయక్కర్లేదు. కానీ దీని మీద గట్టి పరిశీలనలున్నాయి. ఇంగ్లండులో ఎపిక్ ఆక్స్‌ఫర్డ్ అనే అధ్యయనం వేలమందిని ఏళ్ల తరబడి గమనించింది. వీగన్లతో కలిపి శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువని, పక్షవాతం 20 శాతం ఎక్కువని 2019లో తేల్చింది. ఆ మరుసటి ఏడు ఇంకో ఫలితం చెప్పింది: మాంసం తినేవాళ్ల కన్నా వీగన్లలో ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువ. కాల్షియం, మాంసకృత్తులు చాలకపోవడం అందుకు ఒక కారణం. ఆకులూ గింజలూ తింటే అన్నీ అవే సర్దుకుంటాయని చెప్పేవాళ్ల మాట అందుకే నమ్మకూడదు.

కాల్షియం సంగతి మన వంటింట్లో తేలుతుంది. వంద గ్రాముల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములుంటే, వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. పొట్టు తియ్యని నువ్వులపొడి రోజూ రెండు చెంచాలు, వారానికి నాలుగైదు సార్లు రాగిసంకటి, మునగాకు పప్పు, ఇదేం కష్టం కాదు. మాంసకృత్తులకు కంది, ఉలవ, అలసంద, వేరుశనగ. ఇనుము గింజల్లో ఉన్నా ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. సి విటమిన్ తోడైతే పడుతుంది. పప్పులో నిమ్మకాయ పిండడం, పచ్చిమిరపకాయ నంజుకోవడం అందుకే మంచిది. హంగేరీలో సెంట్ గ్యోర్గి 1930ల్లో సి విటమిన్‌ను కుప్పలుగా తీసింది మిరప జాతి కాయల్లోంచే. ఎండుమిర్చిలో అది చాలావరకు ఎగిరిపోతుంది, గుంటూరు యార్డు ఘాటెక్కడా తగ్గకపోయినా.

వంటింట్లో దొరకనిది ఒక్కటే, బి12. దాన్ని చెట్టూ చెయ్యదు, జంతువూ చెయ్యదు, సూక్ష్మజీవులు చేస్తాయి. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు చేసింది మనకు పాలల్లో చేరుతుంది. రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. కానీ అది లేకపోతే రక్తం పల్చబడుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మతిమరుపొస్తుంది. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన రెండు మూడేళ్ల దాకా ఏమీ తెలియదు. ఈలోపు వీగన్ అయ్యాక ఒళ్లు తేలికైంది అని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతారు. ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోవాలి. రక్తహీనతకు కాలేయపు సారంతో వైద్యం చేసే రోజుల్లో ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో దాని గుట్టు వెతికారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బి12ను వేరే శాస్త్రవేత్తలు 1948లో విడదీశారు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆకుకూరల్లో ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. అది రక్తహీనతను కప్పిపుచ్చుతుంది, లోపల బి12 లేక నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాబట్టి వీగన్‌కు మాత్ర తప్పనిసరి. మావాడు జేబులోంచి తీసి చూపించాడు. గర్భిణులు, పసిపిల్లల తల్లులు డాక్టరును అడక్కుండా దీని జోలికి పోకూడదు.

ఇంకోటి. మిరపకాయ బజ్జీ వీగన్. పునుగులు వీగన్. తెల్లన్నం మీద ఆవకాయా నూనే వేసుకుని మూడు పూటలా తినడమూ వీగనే. దానివల్ల మేలు జరుగుతుందని ఎవరూ అనలేదు.

వాతావరణం లెక్కకు వస్తే అందరూ గేదెనే ముద్దాయిని చేస్తారు. నెమరేసే పశువు త్రేన్పుల్లో మీథేన్ వస్తుంది. గేదె ఏడాదికి యాభై కిలోల పైన వదులుతుంది. మనుషుల వల్ల వెలువడే భూతాపపు వాయువుల్లో పశుపోషణ వాటా 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013లో లెక్కగట్టింది. లీటరు పాలకు సగటున మూడు కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన భారం పడుతుందని 2018లో ప్రపంచం నలుమూలల 38 వేల పైచిలుకు కమతాలను పరిశీలించిన అధ్యయనం చెప్పింది. ఆ అధ్యయనంలోనే కిలో బియ్యానికి పడే భారం అంతకంటే ఎక్కువ. నీళ్లు నిలబెట్టిన వరి మడి కూడా మీథేనే వదులుతుంది. సాగర్ కాలువ కింద పండిన అన్నం తింటూ గేదెను ఒక్కదాన్నే తిడితే న్యాయం కాదు. పైగా పిన్ని గేదె తినేది అడవులు కొట్టి పండించిన సోయా కాదు. వరిగడ్డి, జొన్నచొప్ప, తవుడు, పత్తిచెక్క, అంటే మనం పారేసేవే. పాలు తక్కువిస్తుంది గనుక లీటరుకు పడే మీథేన్ ఎక్కువ, అదీ నిజమే. మేనల్లుడు వచ్చి వెళ్లిన విమానం లెక్క కూడా వేశాం. ఒక మనిషి వాటాకు రెండు టన్నుల పైనే. రోజుకు అరలీటరు చొప్పున మూడేళ్లకు పైగా పాలు తాగినంత. "మావయ్యా, వచ్చే ఏడు రావద్దంటావా?" అన్నాడు.

పేడ సంగతీ ఉంది. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతు ఎకరానికి జీవామృతం కలపాలంటే పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి రెండొందల లీటర్ల నీళ్లలో వెయ్యాలి. పురుగుమందు లేని కందిపప్పు కావాలని వెతుక్కునే వీగన్ విస్తట్లోకి ఆవు ఆ దారిన వచ్చి కూర్చుంటుంది. నా మట్టుకు నాకు, ఈ సీమలో నేలకూ నీటికీ ఎక్కువ మేలు చేసే మార్పు పాలచెంబు కంటే అన్నపు గిన్నెలో ఉంది. మూడు పూటల అన్నంలో ఒక పూటన్నా జొన్నకూ, కందికీ చోటివ్వడం. పాలు మానడం ఆ తర్వాతి మెట్టు. అది దూడ కోసం ఎక్కాల్సిన మెట్టు.

వాడు బయల్దేరే ముందురోజు అమ్మ వేరుశనగ గుళ్లు నానబోసింది. రుబ్బి, పల్చటి గుడ్డలో వడగట్టి, కాచింది. చట్టం ప్రకారం ఇలాంటివాటిని సీసాలో పోసి పాలు అని అమ్మకూడదని 2021లో ఆహార భద్రత సంస్థ చెప్పిందిట. అమ్మ పాలనే అంది. తోడు వేద్దామంటే ఇంట్లో ఉన్న తోడంతా గేదె పెరుగుదే. కాసేపు ఆలోచించి పెరట్లోకెళ్లి నాలుగు పచ్చిమిరపకాయలు తొడిమలతో సహా కోసుకొచ్చింది. వెనకటి రోజుల్లో తోడు దొరక్కపోతే తొడిమలే వేసేవాళ్లట. గోరువెచ్చటి వేరుశనగ పాలల్లో వాటిని ముంచి మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచింది.

తెల్లారేసరికి తోడుకుంది. గేదె పెరుగంత గట్టిగా లేదు, పైన మీగడా లేదు, పచ్చి వేరుశనగ వాసన కొంచెం మిగిలింది. మావాడు అన్నంలో కలుపుకుని పండుమిరప పచ్చడి నంజుకుంటూ రెండో సారి వేయించుకున్నాడు. రెండేళ్ల తర్వాత పెరుగన్నంతో లేచాడని అమ్మ మొహం వెలిగింది. పాలకేంద్రం నుంచి ఖాళీ క్యానుతో తిరిగొస్తున్న పిన్నిని కేకేసి, అరచేతిలో ఓ గరిటెడు వేసింది. పిన్ని నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, తీరిగ్గా చప్పరించింది.

"బానే ఉందక్కా" అంది. "దీనికి వెన్న ఎంత పడుద్ది?"